యొర్దానులో ఏడు మునకలు, మన పళ్ళెంలో ఒక గరిటె



ఈ వారం నేను మాట్లాడబోయేది పొట్ట గురించి. నవ్వకండి. ముందు నా పొట్ట గురించే మొదలుపెడతాను.

ఏడాదిన్నర క్రితం, సంక్రాంతి అయిన తర్వాత, సాగర్ ఎడమ కాల్వ రేవు దగ్గర ఏడుగురికి బాప్తిస్మం ఇచ్చాం. దేవునికి స్తోత్రం. కానీ ఆరాధన ముగించి గట్టు ఎక్కేటప్పుడు నాలుగు మెట్లకే నాకు ఆయాసం వచ్చింది. ఇద్దరు యౌవనస్థులు చెరో రెక్క పట్టుకుని పైకి లాగారు. గట్టు మీద కూర్చున్న ఒక పెద్దమ్మ ప్రేమగా అన్నది: "దేవుడు మన అయ్యగారిని మంచిగ దీవించిండు, ఎంత దిట్టంగున్నడో సూడు."

అందరూ ఆమేన్ అన్నారు. నేను కూడా నవ్వాను. ఆ వారమే పరీక్ష చేయించుకుంటే బరువు 94 కిలోలు, నడుము చుట్టుకొలత 108 సెంటీమీటర్లు, పరగడుపున షుగర్ 118. షుగర్ జబ్బు ఇంకా రాలేదు గానీ గడప దాకా వచ్చిందని డాక్టరు చెప్పారు. మనవాళ్లలో మగవారికి నడుము 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 దాటితే జాగ్రత్త పడాలట. నేను 18 సెంటీమీటర్ల ముందుకు వెళ్లిపోయాను. పెద్దమ్మ దీవెన అనుకున్నది నిజానికి ఒక హెచ్చరిక.

అప్పుడు కూడా నేను మేల్కోలేదు. నన్ను మేల్కొలిపింది వేరే సంగతి. మా సంఘ పెద్ద ఒకరికి ఆ వేసవిలో పక్షవాతం వచ్చింది. వయసు 52. ఆదివారం ఆరాధనలో తబలా వాయించే కుడి చెయ్యి పడిపోయింది. ఆయనకు ఎన్నో ఏళ్లుగా బీపీ ఉంది, బరువూ ఉంది. మందులు వేసుకుంటూ మానేస్తూ ఉండేవాడు. ఆ ఇంటికి నేను నెలకు రెండుసార్లు వెళ్లేవాడిని. ప్రార్థన చేసేవాడిని, చాయ్ తాగేవాడిని, వాళ్లు పెట్టిన మిర్చి బజ్జీలు తినేవాడిని. కానీ "తమ్ముడూ, బీపీ గోళీ వేసుకున్నవా?" అని ఒక్కసారి కూడా అడగలేదు. ఆత్మల కాపరినని చెప్పుకునే నేను ఆ ఆత్మ నివసించే ఇల్లు బీటలు వారుతుంటే చూడలేదు. ఈ మాట రాయడం నాకు కష్టంగా ఉంది. అయినా రాయాలి.

మన పళ్ళెం ఎప్పుడు మారింది?

మన తాతలు జొన్న గట్క, సజ్జ రొట్టె, పచ్చిపులుసు తిని బతికిన మనుషులు. వరి అన్నం పండుగకో, చుట్టం వస్తేనో. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్‌కు నెహ్రూ గారు పునాది రాయి వేశారు. 1967 ఆగస్టులో కాల్వలకు నీళ్లు వదిలారు. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ వైపు చెల్కలు మాగాణి అయ్యాయి. మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు వరుసగా లేచాయి. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. మొన్న 2025 ఉగాది రోజున మన హుజూర్‌నగర్‌లోనే రేషన్ సన్న బియ్యం పథకం మొదలైంది. మనిషికి నెలకు ఆరు కిలోలు.

ఇది దేవుని కృప. ఆకలి అంటే ఏంటో తెలిసినవాళ్లు అన్నాన్ని చిన్నచూపు చూడరు, నేనూ చూడను. కానీ ఒక్క విషయం గమనించండి. అన్నం పెరిగిన ఆ ఏళ్లలోనే మన ఒళ్లు వంగే పని తగ్గింది. నాగలి పోయి ట్రాక్టర్ వచ్చింది. కొడవలి పోయి కోత మిషన్ వచ్చింది. పొలానికి నడిచిపోయే దారిలో ఇప్పుడు బండి పోతుంది. తాత పది మైళ్లు నడిచి గంజి తాగాడు. మనం కూర్చున్నచోట కూర్చుని మూడు పూటలా సన్నన్నం తింటున్నాం. గరిటె తాతది, నడక మాత్రం మనది. లెక్క తప్పింది అక్కడే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలోను పురుషులలోను ప్రతి పదిమందిలో సుమారు ముగ్గురు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారని తేలింది. అదే సర్వేలో మన స్త్రీలలో సగానికి పైగా రక్తం తక్కువ ఉన్నవాళ్లు. రెండూ ఒకే ఊళ్లో, కొన్నిసార్లు ఒకే ఇంట్లో, ఇంకొన్నిసార్లు ఒకే మనిషిలో ఉంటాయి. అన్నం నిండుగా ఉంటుంది గానీ పప్పు, ఆకుకూర, గుడ్డు ఉండవు. దేశం మొత్తం మీద 10 కోట్ల మందికి పైగా షుగర్ ఉన్నట్టు 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం ప్రకటించింది.

పెద్ద మాట కాదు, చిన్న మాట

2 రాజులు 5వ అధ్యాయం తెరవండి. నయమాను గొప్ప సైన్యాధిపతి, కానీ కుష్ఠరోగి. ఎలీషా ఇంటి ముందుకు రథాలతో వచ్చాడు. ప్రవక్త బయటకు కూడా రాలేదు. పోయి యొర్దానులో ఏడుసార్లు మునగమని కబురు పంపాడు, అంతే. నయమానుకు కోపం వచ్చింది. మా దమస్కులో ఇంతకన్నా మంచి నదులు లేవా అన్నాడు. ఆయనను ఆ రోజు కాపాడింది పనివాళ్లు. ప్రవక్త ఏదైనా గొప్ప కార్యం చెయ్యమంటే చేసేవాడివి కదా తండ్రీ, మునగమనే చిన్న మాటకు ఎందుకు వెనకాడతావని వాళ్లు అడిగారు.

బరువు విషయంలో మనమందరం నయమానులమే. గొప్ప కార్యం కావాలి మనకు. జనవరి 1 అర్ధరాత్రి ఆరాధనలో తీర్మానం చేసుకుంటాం: రేపటి నుంచి అన్నం బంద్. నాలుగో తారీఖుకు ఒకరింట్లో కృతజ్ఞతా కూడిక, బగారన్నం, కోడికూర. తీర్మానం అక్కడే సమాధి. ఇంకొందరు పొడి డబ్బాలు కొంటారు. నెలకు వేల రూపాయలు పెట్టి, నీళ్లలో కలుపుకుని తాగి, రెండు నెలలకు ఆరు కిలోలు తగ్గి, పొడి ఆపాక ఎనిమిది కిలోలు పెరిగినవాళ్లు మన సంఘంలోనే ఉన్నారు. కూలి డబ్బులు అలా పోతుంటే నాకు బాధ.

నిర్గమకాండము 23వ అధ్యాయంలో దేవుడు ఇశ్రాయేలీయులతో ఒక విచిత్రమైన మాట చెప్పాడు. శత్రువులను ఒక్క ఏడాదిలోనే వెళ్లగొట్టడట. అలా చేస్తే దేశం పాడుపడి అడవి మృగాలు పెరుగుతాయి. మీరు పెరిగి నేలను స్వాధీనం చేసుకునేదాకా కొద్ది కొద్దిగా వెళ్లగొడతానన్నాడు. పొడి డబ్బాతో తగ్గినవాళ్ల కథ ఇదే. శత్రువు పోయాడు, కానీ ఖాళీ అయిన నేలలో కొత్త అలవాటు నాటలేదు. మృగం తిరిగొచ్చింది.

నేను మునిగిన మునకలు

నేను చేసినవి చెప్తాను. ఇవి దర్శనంలో రాలేదు. డాక్టరు కొన్ని చెప్పారు, మా ఇంటావిడ కొన్ని చెప్పింది.

మొదటిది చాయ్. గృహ దర్శనానికి వెళ్లిన రోజు ఆరు ఇళ్లు, ఆరు చాయ్‌లు. ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర. చెంచాకు ఐదు గ్రాములు అనుకున్నా 60 గ్రాములు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల్లో రోజుకు 25 గ్రాములు దాటొద్దని ఉంది. నేను ఒక్కసారిగా మానలేదు. మొదటి నెల చెంచాన్నర, తర్వాత ఒకటి, తర్వాత అర. మూడు నెలలకు నాలుక మారింది. ఇప్పుడు పాత చాయ్ తాగితే పాయసం తాగినట్టుంది. ఆరు ఇళ్లలో రెండు చోట్ల చాయ్, మిగతా చోట్ల మంచినీళ్లో మజ్జిగో అడుగుతాను.

రెండవది గరిటె. అన్నం మానలేదు. ఒక గరిటె తగ్గించి ఒక గరిటె కూర పెంచాను. ముందు కూరగాయ, పప్పు తిని, తర్వాత అన్నం కలుపుకుంటాను. అదే సంస్థ చెప్పిన లెక్కలో పెద్దమనిషికి రోజు మొత్తానికి బియ్యం, జొన్న, గోధుమ అన్నీ కలిపి 250 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు కలిపి 400 గ్రాములు. మన పళ్ళెంలో ఇది తలకిందులుగా ఉంటుంది. వారానికి మూడు రాత్రులు జొన్న రొట్టె. ఎవరో పరాయివాళ్ల తిండి కాదు ఇది, మా నాయనమ్మ తిండే.

మూడవది బండి. ఊరి మొదట్లోనే బండి ఆపి ఇళ్లకు నడిచి వెళ్తున్నాను. దీనివల్ల ఒక మేలు జరిగింది, నేను అనుకోనిది. బండి మీద పోయేటప్పుడు కనబడని మనుషులు నడిచేటప్పుడు కనబడ్డారు. అరుగు మీద ఒంటరిగా కూర్చున్న ముసలాయన, కొత్తగా పెళ్లయి వచ్చిన కోడలు, సంఘానికి రావడం మానేసిన తమ్ముడు. వారానికి 150 నిమిషాల నడక అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. రోజుకు ఇరవై రెండు నిమిషాలు కూడా కాదు. సూర్యాపేటలో ఉన్నవాళ్లకు సద్దుల చెరువు కట్ట ఉంది, కోదాడవాళ్లకు పెద్ద చెరువు కట్ట ఉంది. పల్లెల్లో ఉన్నవాళ్లకు కాల్వ గట్టు ఉంది. కోదాడలో ఒక చెల్లెమ్మ కట్ట మీద నడుస్తూ ప్రతి చెట్టు దగ్గర ఒక్కొక్కరి పేరు ఎత్తి ప్రార్థన చేస్తుంది. చెట్లు అయిపోతాయి గానీ పేర్లు అయిపోవట అయ్యగారూ అన్నది.

నాలుగవది రాత్రి కూడిక. మన గృహ ప్రార్థనలు ఎనిమిదిన్నరకు మొదలై పదికి ముగిసి, పదిన్నరకు భోజనం. తిన్న వెంటనే నిద్ర. ఇది నా తప్పు, నా ప్రసంగం పొడవు తప్పు. ఇప్పుడు ఏడింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగిస్తున్నాం. ప్రసంగం కురచయ్యాక వినేవాళ్లు పెరిగారని కొందరు అంటున్నారు. దాన్ని దీవెనగానే తీసుకున్నాను.

ఇవన్నీ చేస్తే పద్నాలుగు నెలల్లో 94 నుంచి 86కి వచ్చాను. నెలకు అరకిలో కన్నా కాస్త ఎక్కువ, అంతే. ఎవరూ నా ఫొటో పెట్టి ప్రకటన వెయ్యరు. కానీ షుగర్ వంద లోపుకు వచ్చింది, కాల్వ గట్టు నేనే ఎక్కుతున్నాను. చెన్నైలో మన దేశస్థుల మీదే జరిగిన ఒక పరిశోధన 2006లో అచ్చయింది. షుగర్ గడపలో ఉన్న ఐదొందల మందికి పైగా మనుషులను తీసుకున్నారు. రోజూ నడక, తిండిలో మార్పు, ఇవి పాటించినవాళ్లలో రెండున్నర ఏళ్లలో షుగర్ వచ్చే ముప్పు సుమారు 28 శాతం తగ్గింది. ఇవీ యొర్దాను నీళ్లే.

మధ్యలో జారిపడితే?

మొన్న క్రిస్మస్‌కు నేను రెండు కిలోలు పెరిగాను. దాచను. ఇరవై రోజులు సెమీ క్రిస్మస్‌లు, కేకులు, అరిసెలు, బిర్యానీలు. "పోయిందిలే, ఇంక ఎందుకు" అన్న మాట లోపల వినబడింది. ఆ గొంతు మీకూ తెలుసు. ప్రార్థన రెండు రోజులు మానితే మూడో రోజు మోకాళ్లూనడానికి సిగ్గుపరిచే గొంతు అదే.

ఆ రోజుల్లో నన్ను నిలబెట్టింది మన్నా. నిర్గమకాండము 16లో చూడండి, ఎవరి రోజు వాటా ఆ రోజే. నిన్న పొరపాటు చేసినవాడికి కూడా ఈ ఉదయం మంచు కింద మన్నా ఉంది. రేపటి కోసం దాచిపెడితే పురుగు పట్టింది. అలాగే నిన్నటి ఓటమిని ఈ రోజుకు దాచుకోవద్దు. సోమవారం నుంచి మొదలుపెడతాననవద్దు, వచ్చే పూట నుంచే మొదలుపెట్టండి.

ఇంకొకటి. ప్రతి ఇంటి గోడకు మన సంఘం క్యాలెండర్ ఉంది కదా. దాని పక్కన పెన్ను కట్టి, నడిచిన రోజు చిన్న గీత పెట్టండి. మా ఇంటావిడ పెట్టించింది ఇది. గీతలు లేని రోజులను చూసి ఏడవొద్దు. వరుసగా రెండు రోజులు ఖాళీ లేకుండా చూసుకోండి, చాలు. మనసు హుషారుగా ఉన్నప్పుడు ఎవరైనా నడుస్తారు. హుషారు లేని రోజున ఆ గీత నడిపిస్తుంది.

కొన్ని ప్రశ్నలకు జవాబు

ఒక సహోదరుడు అడిగాడు: "శరీర సాధన కొంచెమే ప్రయోజనం అని పౌలు రాసిండు గదా అయ్యగారూ?" నిజమే, 1 తిమోతికి 4:8. కొంచెం ప్రయోజనం అన్నాడు, ప్రయోజనం లేదనలేదు. దైవభక్తిని దానికన్నా పైన పెట్టాడు. భక్తికి బదులుగా బద్ధకాన్ని పెట్టలేదు. అదే పౌలు 1 కొరింథీయులకు 6లో మన దేహం పరిశుద్ధాత్మకు ఆలయమని చెప్పాడు. ఊళ్లో మందిరం పైకప్పు కారితే చందాలు ఎత్తి బాగుచేస్తాం. ఈ ఆలయానికి చందా కూడా అక్కర్లేదు.

మరొకరు అడిగారు, ఉపవాసాలు పెంచితే బరువు తగ్గదా అని. ఉపవాసం దేవుని ముఖం వెతకడానికి, తూకం మిషను కోసం కాదు. పైగా మన శుక్రవారం ఉపవాసం ఎలా ముగుస్తుందో మనకు తెలుసు. మధ్యాహ్నం మూడింటికి ప్రార్థన అయ్యాక రెండు పూటల అన్నం ఒక్క పూటలో. ఇకమీదట నిమ్మకాయ నీళ్లు, ఒక పండు, కాసేపు ఆగి మామూలు భోజనం. షుగర్ గోళీలు, ఇన్సులిన్ వాడేవాళ్లు డాక్టరును అడగకుండా ఉపవాసం ఉండొద్దు. షుగర్ ఒక్కసారిగా పడిపోతే ప్రాణం మీదికి వస్తుంది. మీరు కూర్చుని భోంచేసి వచ్చి ప్రార్థనలో కూడండి, ప్రభువు మీ మొర వింటాడు. ప్రార్థించాను కదా అని గోళీలు మానొద్దు. ప్రార్థన కూడా చెయ్యండి, గోళీ కూడా వేసుకోండి.

నేను సన్నబడ్డాక ఎదురైన ప్రశ్న ఇంకోటి: "ఏమైంది అయ్యగారూ, షుగర్ వచ్చిందా?" కనీసం నలభై మంది అడిగి ఉంటారు. మన దగ్గర లావు దీవెన, సన్నం జబ్బు. ఈ ఆలోచన మారాలి. అలాగే లావుగా ఉన్నవాళ్లను ఎగతాళి చేసే నోళ్లు కూడా మారాలి. థైరాయిడ్ వల్ల, కాన్పుల వల్ల, మందుల వల్ల బరువు పెరిగినవాళ్లున్నారు. పెళ్లి చూపుల్లో ఒక మాట పడి భోజనమే మానేసిన ఆడపిల్ల నాకు తెలుసు. బరువు పాపం కాదు. సిగ్గుపరచడం పాపం. నాట్లు వేసి, కలుపు తీసి బక్కచిక్కిన అక్కలకు ఈ ప్రసంగం వర్తించదు. మీరు ఇంకో గుడ్డు ఎక్కువ తినండి తల్లీ.

సంఘంగా మనం చేయవలసింది

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. ఒక్కొక్కరి మీద భారం వేసి సంఘం చేతులు దులుపుకోకూడదు. మనల్ని లావు చేసేది సగం మన ప్రేమే. "ఇంకొంచెం పెట్టుకోండి" అని మూడుసార్లు అంటేనే మర్యాద అనుకుంటాం. వద్దన్నవాళ్లను వదిలెయ్యడం కూడా మర్యాదే. ప్రేమ విందులో బిర్యానీ ఉండనివ్వండి, పక్కన పెద్ద గిన్నెలో కూరగాయలు, పెరుగు కూడా ఉండాలి. ఆదివారం బడి పిల్లలకు క్రీము బిస్కెట్ల బదులు ఉడికించిన శనగలు, పల్లీలు, అరటిపండ్లు పెట్టండి. ఖర్చు పెద్దగా పెరగదు.

మన ఇళ్లలో ఆడవాళ్లు అందరూ తిన్నాక చివర్లో తింటారు. మిగిలిన అన్నం పారబోయలేక తమ పళ్ళెంలో వేసుకుంటారు. కడుపు నిండినా తింటారు, కూర మాత్రం వాళ్ల వంతుకు అడుగునే ఉంటుంది. అన్నలారా, అందరూ కలిసి కూర్చుని తినండి. ఒక గ్లాసు బియ్యం తక్కువ వండించండి. ఇది మీ చేతిలో ఉన్న పని.

వచ్చే నెల మొదటి ఆదివారం నుంచి ఆరాధన తర్వాత మందిరం వెనక గదిలో బీపీ మిషను, బరువు మిషను, కొలత టేపు ఉంటాయి. మన సంఘంలోని నర్సు చెల్లెలు చూస్తుంది. మీ అంకె మీ చీటీ మీద మాత్రమే ఉంటుంది, ఎవరూ పైకి చదవరు. మొదటగా నేను నిలబడతాను.

ఆ సంఘ పెద్ద సంగతి చెప్పి ముగిస్తాను. ఆయన ఇప్పుడు చేతికర్రతో వీధి చివరిదాకా నడుస్తున్నాడు. మొదటి వారం గుమ్మం దాకా. తర్వాత వేపచెట్టు దాకా. ఇప్పుడు కిరాణా కొట్టు దాకా. మొన్న నేను పక్కన నడుస్తుంటే ఆగి, ఊపిరి తీసుకుని అన్నాడు: "అయ్యగారూ, ఇవే అడుగులు మంచిగున్నప్పుడు ఏసుంటే ఎంత బాగుండు."

ఆ మాట నేను మోసుకుని ఇంటికి వచ్చాను. మీకు ఇచ్చేది కూడా అదే. మంచిగున్నప్పుడే వెయ్యండి. ఈ సాయంత్రమే, గుమ్మం దాకా అయినా సరే.

కొంచెములో నమ్మకముగా ఉండే కృపను, కాలూచెయ్యీ ఆడినంతకాలం ఆయన సేవ చేసే బలమును ప్రభువు మనకు అనుగ్రహించును గాక. ఆమేన్.